కోటు, టై, డెనిమ్: విద్యార్థి ఉద్యమాల్లో బట్టల బలమెంత?

ఆందోళనకారుల వేషధారణ గురించి పరిశోధించేవారికి 1960 ఫిబ్రవరి 22 నాటి సంపాదకీయం ఒకటి తప్పక ఎదురవుతుంది. అది అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో అప్పట్లో వెలువడిన 'రిచ్‌మండ్ న్యూస్ లీడర్' పత్రికలో వచ్చింది. రాసినవాడు ఆ పత్రిక సంపాదకుడు జేమ్స్ కిల్‌పాట్రిక్. బడుల్లో, హోటళ్లలో తెల్లవారినీ నల్లవారినీ వేరుగానే ఉంచాలని వాదించిన దక్షిణాది మేధావుల్లో ముందు వరుసలో ఉన్న మనిషి. అంతకు రెండు రోజుల ముందు వర్జీనియా యూనియన్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఊళ్లోని పెద్ద దుకాణాల లంచ్ కౌంటర్ల దగ్గర బైఠాయించారు. లోపల కూర్చున్న నల్లజాతి విద్యార్థులు కోట్లు, తెల్ల చొక్కాలు, టైలు వేసుకున్నారని కిల్‌పాట్రిక్ రాశాడు. ఒకరు గేటే రచన చదువుకుంటున్నారు, ఇంకొకరు జీవశాస్త్రం పుస్తకం ముందు పెట్టుకుని నోట్సు రాసుకుంటున్నారు. బయట వాళ్లను గేలి చేయడానికి పోగైన తెల్లకుర్రాళ్లేమో నల్ల జాకెట్లు తగిలించుకున్న అల్లరిమూక. ఈ తేడా తనను ఆలోచనలో పడేసిందని ఆయన ఒప్పుకున్నాడు.

శుభ్రంగా, పద్ధతిగా తయారై వస్తే ప్రత్యర్థి కూడా గౌరవిస్తాడు అనే వాదనకు ఇంతకంటే బలమైన సాక్ష్యం దొరకదు, ఎందుకంటే సాక్ష్యం చెప్పింది ప్రత్యర్థే. అయితే ఆ సంపాదకీయం అచ్చయిన రోజునే రిచ్‌మండ్‌లోని థాల్‌హైమర్స్ దుకాణంలో 34 మంది విద్యార్థులను అరెస్టు చేశారు. వాళ్ల మీద పడిన శిక్షలు రద్దు కావడానికి 1963లో సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. ఇక కిల్‌పాట్రిక్, 1960 నవంబరు 26న ఎన్‌బీసీ టెలివిజన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ ఎదుట కూర్చుని, ఈ బైఠాయింపులు సమర్థనీయం కావని వాదించాడు. టైలు చూసి ఆలోచనలో పడిన మనిషి తొమ్మిది నెలల తర్వాత కూడా తన పక్షం నుంచి కదల్లేదు.

ఈ వ్యాసం చర్చించేది ఆ ఎడాన్నే. విద్యార్థులను 'లెక్కలోకి తీసుకోవడం' అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ, మనిషిగా మర్యాద ఇవ్వడం వేరు, చెప్పేది చెవిన వేసుకోవడం వేరు, అడిగింది ఇవ్వడం వేరు. బట్టల ప్రభావం మొదటిదాని మీద ఉందనడానికి ఆధారాలున్నాయి. రెండోదాని మీద కొంత ఉంది, అదీ చూసేవాడెవడన్నదాన్ని బట్టి. మూడోదాని మీద ఉందని చెప్పడానికి నేను చూసిన ఆధారాలు చాలవు.

ముందు 1960 నాటి విద్యార్థులు ఎందుకు అలా తయారయ్యారో చూడాలి. ఫిబ్రవరి 1న నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు కాలేజీ విద్యార్థులు వుల్‌వర్త్ దుకాణంలో చిన్నాచితకా సరుకులు కొని, రసీదు దగ్గర పెట్టుకుని, తెల్లవారికే కేటాయించిన కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. ఉద్యమం రోజుల్లోనే ఊరూరా పాకింది. టెనెస్సీ రాష్ట్రం నాష్‌విల్‌లో మాత్రం ఏర్పాట్లు అంతకుముందు నుంచే సాగుతున్నాయి. అక్కడ విద్యార్థులకు శిక్షణ ఇచ్చిన జేమ్స్ లాసన్ 1950ల్లో మన నాగపూర్‌లోని హిస్లాప్ కళాశాలలో పనిచేసి, గాంధీ సత్యాగ్రహ పద్ధతిని దగ్గరగా అధ్యయనం చేసి వెళ్లినవాడు. ఆయన తరగతుల్లో విద్యార్థులే రెండు పక్షాలుగా విడిపోయి, ఒకరు తిడితే, తోస్తే ఇంకొకరు తిరిగి చెయ్యెత్తకుండా కూర్చోవడం సాధన చేసేవారు. కౌంటర్ వైపు తిరిగి నిటారుగా కూర్చోవాలి, కొట్టినా తిరిగి కొట్టకూడదు, మర్యాదగా మాట్లాడాలి అని రాసిపెట్టుకున్న నియమాలుండేవి. ఆదివారం చర్చికి వేసుకెళ్లే బట్టలు ఆ క్రమశిక్షణలో భాగమే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అదంతా వ్యూహమే అనుకుంటే పొరబాటు. ఆ రోజుల్లో నల్లజాతి కళాశాలల్లో, ఆ మాటకొస్తే తెల్లవారి కళాశాలల్లో కూడా, వస్త్రధారణ మీద గట్టి కట్టుబాట్లుండేవి. ఊళ్లోకి వెళ్లేటప్పుడు కోటు వేసుకోవడం చాలామందికి మామూలు అలవాటు. మన కంటికి ప్రత్యేకంగా కనబడేదంతా వాళ్లు ప్రత్యేకంగా ఎంచుకున్నదని చెప్పలేం. పైగా అప్పటి దృశ్యాలు మనకు అందింది ఎక్కువగా ఫొటోల ద్వారా. పత్రికలు ఏ ఫొటో వేసుకున్నాయో, ఏది పక్కన పెట్టాయో అన్న ఎంపిక కూడా ఆ సాక్ష్యంలో కలిసే ఉంటుంది.

మరి ఇంత పద్ధతిగా తయారైన విద్యార్థులను దేశం ఎలా చూసింది? 1961 మే నెలాఖరున గాలప్ సంస్థ అమెరికన్లను ఒక ప్రశ్న అడిగింది. లంచ్ కౌంటర్ల దగ్గర బైఠాయింపులు, బస్సు యాత్రలు, ఇతర ప్రదర్శనల వల్ల దక్షిణాదిలో నల్లవారు వేర్పాటు లేకుండా కలిసిపోయే వీలు పెరుగుతుందా, దెబ్బతింటుందా? దెబ్బతింటుందన్నవారు 57 శాతం. మేలు జరుగుతుందన్నవారు 28 శాతం. 1964లో సామూహిక ప్రదర్శనల గురించి అడిగితే, కీడే అన్నవారు 74 శాతానికి చేరారు. ఆ ఏడాదే పౌర హక్కుల చట్టం వచ్చింది.

ఈ అంకెలను రెండు రకాలుగా చదవొచ్చు. టైలు, ఇస్త్రీ చొక్కాలు పనిచేయలేదనుకోవచ్చు. లేదా అవి కూడా లేకపోతే వ్యతిరేకత ఇంకా పెరిగి ఉండేదనుకోవచ్చు. ఏది నిజమో ఈ అంకెలు తేల్చవు, ఎందుకంటే చిరిగిన బట్టలతో అదే పని చేసిన ఇంకో 1960 మన దగ్గర లేదు. తేలేది ఒక్కటే. చక్కగా తయారైనంత మాత్రాన మెజారిటీ ఆమోదం రాలేదు. 'ఆ కాలపు విద్యార్థులు ఎంత హుందాగా ఉండేవారు, అందుకే దేశం విన్నది' అని ఇప్పటి పిల్లలకు పాఠం చెప్పేవారు ఈ అభిప్రాయ సేకరణల్ని ఒకసారి చూడాలి. ఆ హుందాతనాన్ని మెచ్చుకోవడం చాలావరకు తర్వాతి కాలంలో జరిగిన పని.

పోల్చి చూసే వీలు ప్రయోగాల్లో ఉంటుంది. 1970ల మొదట్లో సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నను వీధిలోకే తీసుకెళ్లారు. జాన్ డార్లీ, జోయెల్ కూపర్ 1972లో ప్రచురించిన అధ్యయనం మన విషయానికి నేరుగా సంబంధించింది. ఎన్నికల ప్రచారం చేసే విద్యార్థులు కొందరు మామూలు బట్టల్లో, కొందరు హిప్పీ వేషంలో కరపత్రాలు పంచారు. హిప్పీ వేషంలో ఉన్నవారి చేతి కరపత్రాన్ని జనం ఎక్కువగా తిరస్కరించారు, పారేశారు. అంతకంటే ముఖ్యమైన ఫలితం ఇంకొకటుంది. ప్రచారకుడి వేషం చూసి, అతను బలపరిచే అభ్యర్థి భావాలు కూడా తీవ్రమైనవే అయివుంటాయని జనం ఊహించుకున్నారు. కరపత్రం చదవకముందే అందులో ఏముంటుందో నిర్ణయం జరిగిపోయింది.

దీన్నిబట్టి నీటైన బట్టలే ఎప్పుడూ గెలుస్తాయని చెప్పేద్దామంటే, అంతకు ఏడాది ముందు వచ్చిన అధ్యయనం అడ్డుపడుతుంది. పీటర్ సూడ్‌ఫెల్డ్, అతని సహచరులు యుద్ధ వ్యతిరేక ప్రదర్శనకు వచ్చినవారి దగ్గర సంతకాలు సేకరించారు. అక్కడ ఫలితం తలకిందులైంది. ప్రదర్శనకారులు తమలాగే బట్టలేసుకున్నవాడు అడిగితే ఎక్కువగా సంతకం పెట్టారు. పైగా కాగితంలో ఏముందో చదవకుండానే పెట్టారు. అదే 1971లో ఎమ్స్‌విలర్, డో, విల్లిట్స్ అనే పరిశోధకులు కళాశాల ఆవరణలో ఫోను చేసుకోవడానికి ఒక డైమ్ నాణెం ఇమ్మని విద్యార్థుల్ని అడిగించారు. అడిగినవాడి వేషం తమ వేషంలాంటిదే అయితే మూడింట రెండు వంతులకు మించి ఇచ్చారు. వేరు రకమైతే ఇచ్చినవారు సగం కూడా లేరు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే, పని చేసింది శుభ్రత కాదు, పోలిక. 'వీడు మనవాడు' అనిపించే వేషం ఏదైతే అది. మర్యాదస్తుల బజారులో అది కోటు కావచ్చు, ప్రదర్శనలో పాత జీన్స్ కావచ్చు. అయితే ఇవి చిన్న ప్రయోగాలు. చేసింది ఒకే దేశంలో, ఒకే కాలంలో. అడిగింది కూడా ఒక సంతకం, ఒక నాణెం, ఒక కరపత్రం అందుకోవడం. క్షణాల్లో తేలిపోయే పనులవి. ఫీజుల విధానమో, యుద్ధ విధానమో మార్చడం అలాంటి పని కాదు. క్షణాల నుంచి విధానాల దాకా వంతెన కట్టే ఆధారం ఈ ప్రయోగాల్లో లేదు.

ఆ వంతెన కట్టిన కథ ఒకటి అమెరికా రాజకీయాల్లో బాగా ప్రచారంలో ఉంది. 1968లో వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ సెనేటర్ యూజీన్ మెకార్తీ సొంత పార్టీ అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మీదే పోటీకి దిగినప్పుడు, పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ప్రాథమిక ఎన్నికల ప్రచారానికి వేలాది విద్యార్థులు న్యూ హాంప్‌షైర్‌కు తరలివెళ్లారు. ఓటర్లు బెదరకూడదని జుట్టు కత్తిరించుకున్నారు, గడ్డాలు గీసుకున్నారు, అమ్మాయిలు జీన్స్ మానేసి స్కర్టులు వేసుకున్నారు. గడ్డం తీయనన్నవాళ్లను గడప గడపకూ పంపకుండా, వెనక గదుల్లో కవర్లు అంటించే పనికి పెట్టారు. మార్చి 12న మెకార్తీకి దాదాపు 42 శాతం ఓట్లొచ్చాయి. జాన్సన్ గెలిచినా అది ఓటమిలాగే వినిపించింది. నెలాఖరున ఆయన మళ్లీ పోటీ చేయనని ప్రకటించాడు. గడ్డాలు గీసుకుని అధ్యక్షుణ్ణి దించేశారన్న పేరు విద్యార్థులకు దక్కింది.

మరుసటి ఏడాది మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫిలిప్ కాన్వర్స్ బృందం ఆ ఓటర్ల సర్వేను విశ్లేషించి ప్రచురించింది. న్యూ హాంప్‌షైర్‌లో మెకార్తీకి ఓటేసినవారిలో యుద్ధం ఆపాలన్నవారికంటే, జాన్సన్ యుద్ధాన్ని చాలినంత గట్టిగా చేయడం లేదని కోపంగా ఉన్నవారే ఎక్కువని తేలింది. దాదాపు ముగ్గురికి ఇద్దరు లెక్కన. అంటే తలుపు తట్టిన శుభ్రమైన కుర్రాణ్ణి ఆ ఓటరు మర్యాదగానే పలకరించి ఉండొచ్చు, ఓటు కూడా వేసి ఉండొచ్చు. ఆ కుర్రాడు చెప్పిన మాట మాత్రం చాలామందిలో చొరబడలేదు. విద్యార్థుల శ్రమను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. మంచులో ఇల్లిల్లూ తిరిగినవాళ్లు వాళ్లు. ఆ ఫలితాన్ని గడ్డాల లెక్కలో వేయడం మాత్రం ఆధారాలకు మించిన మాట.

ఇప్పుడు డెనిమ్ సంగతి. 1960 ఏప్రిల్‌లో ఎల్లా బేకర్ చొరవతో పుట్టిన విద్యార్థి అహింసా సమన్వయ సంఘం కార్యకర్తలు, మిసిసిపీ పల్లెల్లో ఓటర్ల నమోదు పనికి వెళ్లాక, క్రమంగా కోట్లు వదిలి డెనిమ్ ఓవరాల్స్‌లోకి మారారు. చరిత్రకారిణి తనీషా ఫోర్డ్ 2013లో రాసిన వ్యాసంలో ఈ మార్పును, ముఖ్యంగా ఆ సంఘంలోని యువతుల కోణం నుంచి, వివరంగా పరిశీలించింది. ఆ ఓవరాల్స్ పాలుకు పత్తి సాగు చేసే పేదలు పొలంలో వేసుకునే బట్టలు. మేం మీ వాళ్లమే అని చెప్పడం ఒక కారణం. నలగవు, ఎండకు ఆగుతాయి, జైల్లో రాత్రి గడపాల్సి వస్తే ఇబ్బంది ఉండదన్నది ఇంకో కారణం. కాలేజీలో చదువుకునే నల్లజాతి అమ్మాయి జుట్టు సాపు చేయించుకుని, స్కర్టు, మేజోళ్లతో 'మర్యాదస్తురాలి'లా ఉండాలన్న ఒత్తిడిని పక్కకు నెట్టడం మరో కారణం. గాంధీ 1921లో మదురైలో కొల్లాయి కట్టిన నిర్ణయం మనకు తెలుసు కాబట్టి, పేదవాడి బట్ట కట్టడమే రాజకీయం అన్న మాట మనకు కొత్త కాదు. లాసన్ నాగపూర్ నుంచి తీసుకెళ్లింది గాంధీ క్రమశిక్షణను. గాంధీ బట్టల వెనక ఉన్న ఆలోచన, వేరే దారిలో, మిసిసిపీ పొలాల్లో తేలింది.

మర్యాదస్తుల వేషానికి ఎంత ఖరీదు చెల్లించారో యువతుల విషయంలోనే బాగా కనబడుతుంది. 1963 మే 28న జాక్సన్ నగరంలో వుల్‌వర్త్ కౌంటర్ దగ్గర టూగలూ కళాశాల విద్యార్థిని ఆన్ మూడీ, ఆమె తోటివారు దాదాపు మూడు గంటలు కూర్చున్నారు. గుంపు వాళ్ల నెత్తిన పంచదార, కెచప్, ఆవపిండి ముద్ద కుమ్మరించింది. ఫ్రెడ్ బ్లాక్‌వెల్ తీసిన ఫొటోలో అది కనిపిస్తుంది. ఫొటోలో లేనిది మూడీ ఆత్మకథలో ఉంది. బయటపడ్డాక ఆమె బ్యూటీ పార్లర్‌కు వెళ్లింది. అక్కడ వరసలో ఉన్న ఆడవాళ్లు ఆమెను ముందుకు పంపారు. జుట్టు కడిగించుకుని గానీ ఆమె కళాశాలకు తిరిగి వెళ్లలేదు. దెబ్బలు తిన్న మనిషి కూడా ముందు ముస్తాబు సరిచేసుకోవాల్సి రావడం నాకు చాలా బాధ కలిగించే విషయం. పద్ధతిగా కనబడాలన్న షరతు అందరి మీదా ఒకే బరువుతో పడదు.

బట్టలకూ మాటకూ మధ్య తేడా తేల్చడానికి 1963 ఆగస్టు 28 నాటి వాషింగ్టన్ యాత్ర ఉపయోగపడుతుంది. విద్యార్థి సంఘం కార్యకర్తలు కొందరు డెనిమ్‌లోనే వచ్చారు. వాళ్ల అధ్యక్షుడు జాన్ లూయిస్ మాత్రం సూటూ టైలో వేదికెక్కాడు. పెద్దల అభ్యంతరం వచ్చింది డెనిమ్ మీద కాదు, సూటు వేసుకున్నవాడి ప్రసంగం మీద. ఆర్చిబిషప్ ప్యాట్రిక్ ఓబాయిల్ పట్టుబట్టడంతో అందులోని పదునైన వాక్యాలు చివరి నిమిషంలో తీసేశారు. 1965 మార్చి 7న ఓటు హక్కు కోసం నడుస్తూ సెల్మా వంతెన మీద లూయిస్ టై కట్టుకునే ఉన్నాడు. పోలీసు లాఠీకి తల పగిలింది.

ఇదే కాలంలో బర్క్‌లీలో జరిగింది ఇంకో కోణం చూపిస్తుంది. 1964 అక్టోబరు 1న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పోలీసు కారును చుట్టుముట్టిన విద్యార్థులు, ఆ కారు పైకెక్కి మాట్లాడే ముందు, రేకు సొట్టపోకూడదని బూట్లు విప్పారు. నవంబరు 20న పాలకమండలి సమావేశానికి ఊరేగింపుగా వెళ్తున్నప్పటి ఫొటోల్లో విద్యార్థి నాయకుడు మారియో సావియో సహా ముందు వరుస అంతా కోట్లు, టైలే. అయినా రెండేళ్లు తిరక్కుండానే రోనాల్డ్ రీగన్ బర్క్‌లీ 'గలీజు'ను శుభ్రం చేస్తానని ప్రచారం చేసి గవర్నర్‌గా గెలిచాడు. ఆ గెలుపుకు ఇంకా చాలా కారణాలున్నాయి. కానీ బర్క్‌లీ అనగానే జనం మనసులో మిగిలింది పొడుగు జుట్టే. ముందు అభిప్రాయం ఏర్పడి, ఆ తర్వాత కన్ను అందుకు తగిన బట్టల్ని వెతుక్కుంటుందేమోనన్న అనుమానం నాకుంది. డార్లీ, కూపర్ ప్రయోగం పరీక్షించింది దానికి వ్యతిరేక దిశను మాత్రమే.

స్కూలు యూనిఫారం విషయంలో ఎంపిక ప్రశ్నే ఉండదు. 2006లో చిలీ హైస్కూలు పిల్లలు విద్యా చట్టం మార్చాలని వీధుల్లోకి వచ్చినప్పుడు, తెలుపూ ముదురు రంగూ కలిసిన వాళ్ల యూనిఫారం చూసి జనం ఆ ఉద్యమానికి పెంగ్విన్ల తిరుగుబాటని పేరు పెట్టారు. చూడగానే వీళ్లు పిల్లలని తెలిసిపోవడం అక్కడ బలమైంది. 1976 జూన్ 16న దక్షిణాఫ్రికాలోని సొవెటోలో నిరసనకు దిగిన పిల్లలు కూడా యూనిఫారంలోనే ఉన్నారు. పోలీసులు కాల్చారు. చిలీది ప్రజాస్వామ్య ప్రభుత్వం, దక్షిణాఫ్రికాది జాత్యహంకార పాలన. ఒకే రకం బట్టలు రెండు చోట్లా ఒకే పని చేస్తాయని ఆశించలేం.

ప్రదర్శనల బలాన్ని తూచడానికి సామాజిక శాస్త్రవేత్త చార్లెస్ టిల్లీ నాలుగు కొలతలు చెప్పాడు: యోగ్యత, ఐక్యత, సంఖ్య, నిబద్ధత. శుభ్రమైన బట్టల్ని ఆయన యోగ్యత కింద చేర్చాడు. బెల్జియం పరిశోధకులు రూద్ వౌటర్స్, స్తెఫాన్ వాల్‌గ్రేవ్ అక్కడి ప్రజాప్రతినిధులకు కల్పిత టీవీ వార్తలు చూపించి ఈ కొలతల్ని పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. ప్రతినిధుల్ని ఎక్కువగా కదిలించినవి సంఖ్య, ఐక్యత. యోగ్యత ప్రభావం అంత స్పష్టంగా లేదు. అయితే వాళ్లు యోగ్యతగా చూపించింది ప్రదర్శనకారుల నడవడికను కాబట్టి, దీన్ని బట్టలకు అన్వయించేటప్పుడు జాగ్రత్తగానే ఉండాలి.

నాష్‌విల్‌లో జరిగిన క్రమం ఈ ఫలితంతో పొసుగుతుంది. 1960 వసంతంలో నల్లజాతి కుటుంబాలు ఈస్టర్ పండగ బట్టలు ఊళ్లో కొనడం మానేశాయి. దుకాణాల బేరాలు పడిపోయాయి. ఏప్రిల్ 19న విద్యార్థుల తరఫు న్యాయవాది అలెగ్జాండర్ లూబీ ఇంటి మీద బాంబు పడింది. ఆ రోజే వేలమంది మౌనంగా మేయర్ కార్యాలయానికి నడిచారు. రంగును బట్టి మనిషిని వేరుగా చూడటం తప్పా కాదా అని విద్యార్థి నాయకురాలు డయాన్ నాష్ మేయర్ బెన్ వెస్ట్‌ను అందరి ముందూ నిలదీసింది. తప్పేనని ఆయన ఒప్పుకున్నాడు. మే 10 నుంచి కౌంటర్లు తెరుచుకున్నాయి. ఆ నడకలో విద్యార్థులు చక్కటి బట్టల్లోనే ఉన్నారు, ఫిబ్రవరిలో దెబ్బలు తిని అరెస్టయినప్పుడూ అవే బట్టలు. మధ్యలో మారినవి కొట్ల గల్లాపెట్టెలు, వీధిలోకి వచ్చిన జనం సంఖ్య.

గ్రీన్స్‌బరో వుల్‌వర్త్ కౌంటర్ జులై 25న లొంగింది. అక్కడ మొదట వడ్డన జరిగింది ఫిబ్రవరిలో కాఫీ అడిగిన విద్యార్థులకు కాదు. అదే దుకాణంలో పనిచేసే నలుగురు నల్లజాతి సిబ్బందిని, పని బట్టలు మార్చుకుని మంచి బట్టల్లో కౌంటర్ ముందుకు రమ్మని మేనేజరే చెప్పాడు. ఏ బట్టల్లో ఉన్నవాళ్లను మొదట కూర్చోబెట్టాలన్నది, ఓడిపోయాక కూడా, యాజమాన్యమే నిర్ణయించింది.